మూడు రోజుల తేడాతో అయిదేళ్ళు: పైలట్ల రిటైర్మెంట్ వయసు మీద రెండు తరాల పేచీ

1947 డిసెంబర్ 11న పుట్టిన అమెరికన్ కెప్టెన్ ఒకాయన, అదే నెల 14న పుట్టిన కెప్టెన్ ఇంకొకాయన ఉన్నారనుకుందాం. ఒకే కంపెనీ, ఒకే రకం విమానం, ఇంచుమించు ఒకే అనుభవం. 2007 డిసెంబర్ 13న అధ్యక్షుడు జార్జ్ బుష్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. ఎయిర్‌లైన్ పైలట్ల రిటైర్మెంట్ వయసు ఆ సంతకంతో 60 నుంచి 65కు పెరిగింది. 14న పుట్టినాయనకు మర్నాడు 60 నిండాయి, అయినా ఇంకో అయిదేళ్ళు విమానం నడిపే వీలు దొరికింది. 11న పుట్టినాయనకు రెండు రోజుల కిందటే 60 నిండాయి, ఆయన ఉద్యోగం అక్కడితో అయిపోయింది. కొత్త చట్టం వెనక్కి వర్తించదు. మళ్ళీ ఎగరాలంటే కొత్త కుర్రాడిలా ఉద్యోగంలో చేరి, అందరికన్నా అడుగున నిలబడాలి. పాతికేళ్ళ సీనియారిటీ సున్నా అయిపోతుంది.

ఇప్పుడు వీళ్ళ పక్క సీట్లో కూర్చునే మూడో మనిషిని చూడండి. నలభై దాటిన ఫస్ట్ ఆఫీసర్, అంటే కెప్టెన్ కింద పనిచేసే రెండో పైలట్. ఫలానా కెప్టెన్‌కు ఫలానా నెలలో 60 నిండుతాయి, ఆ తర్వాత ఫలానా ఆయన, అలా లెక్కేసుకుంటూ ఇంకో ఏడాదిన్నరలో నేనూ కెప్టెన్ని అవుతాను అనుకుంటున్నాడు. ఆ నమ్మకంతో ఇల్లు కొన్నాడో, పిల్లల కాలేజీ ఖర్చు లెక్కేసుకున్నాడో. ఆ ఒక్క సంతకంతో అతని పైన ఉన్న వరస మొత్తం అయిదేళ్ళపాటు కదలకుండా ఆగిపోయింది.

అచ్చం ఇదే పేచీ ఇప్పుడు 65, 67 అంకెల మీద నడుస్తోంది. 2023 జూన్‌లో అమెరికా ప్రతినిధుల సభలోని రవాణా కమిటీ 67కు పెంచాలన్న సవరణను 32-31 ఓట్లతో బిల్లులో చేర్చింది. జూలైలో సభ మొత్తం ఆ బిల్లును 351-69తో ఆమోదించింది. 2024 ఫిబ్రవరిలో సెనేట్ కమిటీ అదే ప్రతిపాదనను 14-13తో కొట్టేసింది. ఒక్క ఓటుతో లోపలికొచ్చింది, ఒక్క ఓటుతో బయటికి పోయింది. మే నెలలో చట్టం అయిన బిల్లులో 67 మాట లేదు. 2025లో ఎయిర్‌లైన్ కంపెనీల అంతర్జాతీయ సంఘం ఐయాటా ఈ కోరికనే మాంట్రియల్‌లో జరిగిన ఐకావో మహాసభ ముందు పెట్టింది. ఐకావో అంటే విమానయానానికి ప్రపంచ నిబంధనలు రాసే ఐక్యరాజ్యసమితి సంస్థ. అక్కడా ఆమోదం దొరకలేదు.

పైకి వినిపించే వాదన అంతా ఆరోగ్యం, భద్రత, పైలట్ల కొరత చుట్టూ తిరుగుతుంది. అవి ముఖ్యం కావని అనను. కానీ ఒకే యూనియన్‌లో, ఒకే కాక్‌పిట్‌లో పక్కపక్కన కూర్చునే మనుషులు ఇంత కోపంగా ఎందుకు చీలిపోయారో ఆ మాటలతో తెలీదు. అది తెలియాలంటే సీనియారిటీ లిస్టు ఎలా పనిచేస్తుందో చూడాలి.

వరసలో నంబరు

మన ఆఫీసుల్లో సీనియారిటీ అంటే ప్రమోషన్ల దగ్గర చూసే ఒక అంశం. మంచి పేరు, పరిచయాలు, వేరే కంపెనీ నుంచి వచ్చిన ఆఫరు, ఇలా ఎదగడానికి ఇంకా దారులుంటాయి. అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్స్ పైలట్‌కు అవేవీ లేవు. అతనికి ఉన్నది ఒక నంబరు. చేరిన తేదీని బట్టి ఆ నంబరు వస్తుంది. ఒకే రోజు ఒకే ట్రైనింగ్ క్లాసులో చేరితే, వయసులో పెద్దవాళ్ళను ముందు పెట్టడం లాంటి పద్ధతులు ఒక్కో కంపెనీలో ఒక్కో రకంగా ఉంటాయి. ఆ రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా అతని బతుకంతా ఆ నంబరు చుట్టూనే.

ఏ విమానం నడపాలి, ఏ సీట్లో కూర్చోవాలి, ఏ ఊరు బేస్‌గా ఉండాలి, క్రిస్మస్‌కు ఇంట్లో ఉంటాడా లేక ఎక్కడో హోటల్ గదిలో ఉంటాడా, అన్నీ ఆ నంబరే చెబుతుంది. ప్రతి నెలా పైలట్లు తమకు కావలసిన ట్రిప్పులకు బిడ్ వేస్తారు. కంప్యూటర్ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి అడిగింది ఇచ్చుకుంటూ కిందికి వస్తుంది. పైన ఉన్నవాళ్ళు టోక్యో, పారిస్ ట్రిప్పులు తీసుకుంటారు. నెలకు మూడు నాలుగు సార్లు బయల్దేరితే గంటలు నిండిపోతాయి. అడుగున ఉన్నవాళ్ళకు మిగిలేది రిజర్వ్. అంటే ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే పిలుస్తారు, వెంటనే ఎయిర్‌పోర్టులో ఉండాలి. బేస్ ఉన్న ఊరూ సొంత ఊరూ ఒకటి కాకపోతే ఆ రోజుల్లో ముగ్గురు నలుగురు కలిసి అద్దెకు తీసుకున్న గదుల్లో పడుకుంటారు. పిల్లలు చిన్నగా ఉన్న వయసులోనే ఈ అడుగు మెట్టు వస్తుంది. చంటిపిల్లలున్న తల్లి పైలట్ అయితే ఆ టెన్షన్ ఎంతో వేరే చెప్పాలా?

ఇంకో ముఖ్యమైన సంగతి: ఈ నంబరు ఇంకో కంపెనీకి తీసుకుపోవడానికి కుదరదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న కెప్టెన్ కంపెనీ మారితే కొత్త చోట అతను కొత్తగా చేరిన ఫస్ట్ ఆఫీసరే. అందుకే పైలట్లు చేరిన కంపెనీని వదలరు. అందుకే వాళ్ళ జీవితంలో కదలిక అంటే పైవాడు దిగడం ఒక్కటే.

ఆ కదలిక ఎలా పాకుతుందో చూడండి. బోయింగ్ 777 నడిపే కెప్టెన్ ఒకాయన రిటైరయ్యాడు. ఆ సీటుకు చిన్న విమానం కెప్టెన్ ఒకరు వెళతారు. ఆ ఖాళీలోకి పెద్ద విమానంలో ఫస్ట్ ఆఫీసర్‌గా ఉన్నవారు కెప్టెన్‌గా వస్తారు. వారి సీటుకు చిన్న విమానం ఫస్ట్ ఆఫీసర్ వెళతారు. చివరికి అడుగున ఒక కొత్త ఉద్యోగం పుడుతుంది, దానికి ఏదో రీజనల్ ఎయిర్‌లైన్ నుంచి ఒక కుర్రాడు వస్తాడు, అతని ఖాళీలోకి ఫ్లయింగ్ స్కూల్ నుంచి ఇంకొకరు. పైన ఒకరు దిగితే కింద అయిదారుగురు తలా ఒక మెట్టు ఎక్కుతారు. పైన ఒకరు ఆగితే అంతమందీ ఆగుతారు. పెద్ద విమానం కెప్టెన్‌కు పెద్ద కంపెనీల్లో ఇప్పుడు గంటకు 400 డాలర్లు దాటి ఇస్తున్నారు కాబట్టి ఒక్కో మెట్టు విలువ చిన్నదేమీ కాదు.

న్యూయార్క్ దగ్గర హడ్సన్ నదిలో విమానం దించిన కథలో అందరికీ కెప్టెన్ సల్లెన్‌బర్గర్ గుర్తుంటాడు. పక్క సీట్లో ఉన్న జెఫ్రీ స్కైల్స్ గురించి తక్కువ మందికి తెలుసు. 2009 జనవరి 15న ఆయన వయసు 49. అంతకు ముందు అదే యూఎస్ ఎయిర్‌వేస్ కంపెనీలో కెప్టెన్‌గా పనిచేసినవాడు. కంపెనీ చిక్కిపోవడంతో, ఆయన నంబరుకు కెప్టెన్ సీటు అందకుండా పోయి, తిరిగి ఫస్ట్ ఆఫీసర్ సీట్లోకి దిగాడు. ఎయిర్‌బస్ A320 మీద ట్రైనింగ్ ముగించుకుని లైన్‌లోకి వచ్చిన మొదటి ట్రిప్పులోనే ఆ ప్రమాదం ఎదురైంది. వేల గంటలు ఎగిరిన మనిషి, ఒకసారి ఎక్కిన మెట్టు దిగి మళ్ళీ వరసలో నిలబడ్డాడు. సీనియారిటీ లిస్టు అంటే ఇది.

ఇక పెద్దవాళ్ళు చెప్పే ఒక మాట ఉంది. "మాకు రెండేళ్ళు పెరిగితే మీకూ పెరిగినట్టే కదా! ఇప్పుడు రెండేళ్ళు ఆగుతారు, చివర్లో రెండేళ్ళు ఎక్కువ చేస్తారు." కాగితం మీద ఈ లెక్క సరైనదే. నిజానికి కుర్రవాళ్ళకు లాభం కూడా. ఎందుకంటే మధ్యలో పోయేది ఫస్ట్ ఆఫీసర్ జీతానికీ కెప్టెన్ జీతానికీ ఉన్న తేడా, చివర్లో వచ్చేది పెద్ద విమానం కెప్టెన్‌గా రెండేళ్ళ పూర్తి జీతం.

మరి కోపం ఎందుకు? పోయేది ఈ నెల నుంచే పోతుంది, వచ్చేది ముప్ఫై ఏళ్ళ తర్వాత వస్తుంది. ఆ ముప్ఫై ఏళ్ళూ కంపెనీ బతికి ఉండాలి. ఇంకో కంపెనీతో కలిసిపోతే లిస్టులో తన చోటు పదిలంగా ఉండాలి. గుండె, చూపు, బీపీ, షుగరు అన్నీ సరిగా ఉండాలి. నలభై దాటిన ఎయిర్‌లైన్ కెప్టెన్ అమెరికాలో ఆరు నెలలకోసారి మెడికల్ పరీక్ష దాటాలి, ఒక్కసారి తప్పితే ఆ రోజు నుంచి విమానం నడపడానికి లేదు. 35 ఏళ్ళ మనిషిని 66వ ఏట దొరికే జీతం మీద నమ్మకం ఉంచమంటున్నారు. తన ముందు తరానికి ఏం జరిగిందో కళ్ళారా చూసినవాడు అంత తేలిగ్గా నమ్మడు. ఏం జరిగిందో చెప్పేముందు ఈ వయసు నిబంధన పుట్టుక గురించి కొంచెం చెప్పాలి.

60 అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది

ఏదో డాక్టర్ల బృందం కూర్చుని 60 దాటితే చెయ్యి వణుకుతుంది అని తేల్చలేదు. 1950ల చివర్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనే కంపెనీ జెట్ విమానాల్లోకి మారుతోంది. 60 దాటిన కెప్టెన్లను దిగిపొమ్మంటే యూనియన్ ఒప్పుకోలేదు. గొడవ మధ్యవర్తి దగ్గరికి వెళ్ళింది, కంపెనీ ఓడిపోయింది. 1959 ఫిబ్రవరిలో ఆ కంపెనీ అధిపతి సి.ఆర్. స్మిత్, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు అప్పుడే అధిపతి అయిన ఎల్‌వుడ్ కెసాడాకు ఉత్తరం రాశాడు, అందరికీ వర్తించేలా మీరే ఒక వయసు పెట్టండి అని. ఇద్దరూ రెండో ప్రపంచ యుద్ధంలో జనరల్స్‌గా పనిచేసినవాళ్ళు. ఆ ఏడాది చివర్లో 60 నిబంధన వచ్చింది. 1960 మార్చి 15 నుంచి అమలైంది. ఎఫ్‌ఏఏ పదవి దిగాక కెసాడా అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోర్డులో చేరాడు.

ఎయిర్‌లైన్ పైలట్స్ అసోసియేషన్, పొట్టిగా ఆల్పా, ఆ నిబంధన మీద కోర్టుకెక్కింది. ఓడిపోయింది. అదే ఆల్పా 1980 వచ్చేసరికి 60 ఉండాల్సిందే అని దానికి కాపలా కాసింది. ఎందుకంటే అప్పటికి లిస్టులో కింద ఉన్నవాళ్ళే ఎక్కువ, పైగా 60కి దిగితే మంచి పెన్షన్ ఉంది. 2007లో మళ్ళీ మారి, ఎలాగూ 65 వస్తోంది కాబట్టి ఎలా రావాలో మనమే మాట్లాడదాం అంది. ఇప్పుడు 67ను గట్టిగా వ్యతిరేకిస్తోంది. మాట మార్చింది అని నేను తప్పు పట్టను. సభ్యుల వయసు, వాళ్ళ పెన్షన్ మారినప్పుడల్లా యూనియన్ మాట మారింది, అంతే.

1981లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వేసిన నిపుణుల బృందం 60 అయినా, ఇంకో అంకె అయినా ఫలానా వయసుకే పైలట్ దిగిపోవాలనడానికి ఒప్పించే వైద్య ఆధారం లేదు అని రాసింది. అలా రాసి కూడా నిబంధనను ప్రస్తుతానికి ఉంచమంది. ఆ ప్రస్తుతానికి ఇంకో ఇరవై ఆరేళ్ళు పట్టింది.

ఇద్దరి దగ్గరా పోయింది

2001 సెప్టెంబర్ 11 తర్వాత అమెరికా ఎయిర్‌లైన్స్ ఒకదాని తర్వాత ఒకటి దివాలా కోర్టుకు వెళ్ళాయి. యూనైటెడ్ 2002లో, యూఎస్ ఎయిర్‌వేస్ రెండుసార్లు, డెల్టా, నార్త్‌వెస్ట్ 2005లో. పైలట్ల జీతాలు పడిపోయాయి. అంతకన్నా పెద్ద దెబ్బ పెన్షన్ల మీద పడింది. యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్ల పెన్షన్ పథకం 2003లో రద్దయింది, యూనైటెడ్ పెన్షన్లు 2005లో, డెల్టా పైలట్లవి 2006లో. ఆ బాధ్యత ప్రభుత్వ బీమా సంస్థ పెన్షన్ బెనిఫిట్ గ్యారంటీ కార్పొరేషన్ మీద పడింది. అది ఇచ్చేదానికి గరిష్ఠ పరిమితి ఉంది. ఆ పరిమితి కూడా 65 ఏళ్ళకు రిటైరైన వాళ్ళను దృష్టిలో పెట్టుకుని వేసినది, అంతకు ముందు దిగితే కోత. 60కే దిగిపొమ్మన్నది ప్రభుత్వం, 65 కన్నా ముందు దిగావు కాబట్టి కోత అన్నదీ ప్రభుత్వ సంస్థే. ముప్ఫై ఏళ్ళు ఎగిరిన మనిషి ఈ రెండింటి మధ్య నలిగిపోయాడు.

నదిలో విమానం దించిన నెలన్నర లోపే, 2009 ఫిబ్రవరిలో సల్లెన్‌బర్గర్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని తన జీతం 40 శాతం తగ్గిందని, పెన్షన్ రద్దయి దాని బదులు డాలరుకు కొన్ని సెంట్లు విలువ చేసే హామీ మాత్రం మిగిలిందని చెప్పాడు. దేశమంతా చప్పట్లు కొడుతున్న మనిషి పరిస్థితే అది. ఇంకో అయిదేళ్ళు పనిచేయనివ్వండి అని ఆ తరం అడిగిందంటే అది దురాశ కాదు, పోయిన దాంట్లో కొంతైనా సంపాదించుకుందామన్న ఆరాటం. వాళ్ళను సీటు వదలని ముసలాళ్ళు అంటూ తేలిగ్గా మాట్లాడటం నాకు నచ్చదు.

కానీ అదే పదేళ్ళలో కింది తరానికి ఏం జరిగింది? 2001 తర్వాత వేలమంది ఫర్లో అయ్యారు. ఫర్లో అంటే ఉద్యోగం ఉన్నట్టే, జీతం లేనట్టు, కంపెనీ పిలిచినప్పుడు రావాలి. కొందరికి ఆ పిలుపు రావడానికి ఏళ్ళు పట్టింది. ఈలోగా రీజనల్ ఎయిర్‌లైన్స్‌లో కొత్త ఫస్ట్ ఆఫీసర్ జీతం ఏడాదికి 20 వేల డాలర్లకు అటూ ఇటూ. అప్పు చేసి లైసెన్స్ తెచ్చుకున్న మనిషికి అది కిరాయికీ చాలదు. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ అనే రీజనల్ ఎయిర్‌లైన్ విమానం కూలి 50 మంది చనిపోయినప్పుడే ఈ జీతాలు, ఈ అలసట గురించి బయటి జనానికి తెలిసింది.

సరిగ్గా ఈ పరిస్థితి మీద 2007 డిసెంబర్ నాటి 65 చట్టం వచ్చిపడింది. కొన్ని నెలలకే 2008 ఆర్థిక సంక్షోభం. మామూలుగా సంక్షోభం వచ్చినా పైన రిటైర్మెంట్లు జరుగుతూ ఉంటే వరస నెమ్మదిగా అయినా కదులుతుంది. ఈసారి 2012 డిసెంబర్ దాకా వయసు వల్ల దిగేవాళ్ళు దాదాపు ఎవరూ లేరు. ఆ తరం పైలట్లు దాన్ని చేజారిన దశాబ్దం అంటారు. 32వ ఏట కెప్టెన్ కావలసిన వాళ్ళు 42లో అయ్యారు. కొందరు ఉద్యోగమే వదిలేశారు.

ఒక తరం పెన్షన్ పోగొట్టుకుంది, ఇంకో తరం ప్రమోషన్ పోగొట్టుకుంది. రెండూ పోయింది కంపెనీల దివాలాల వల్ల. కానీ నష్టపరిహారం వెతుక్కోవడానికి ఇద్దరికీ మిగిలింది ఒకే చోటు, ఆ ఎడమవైపు కెప్టెన్ సీటు. నా దృష్టిలో ఈ గొడవకు అసలు మూలం ఇదే.

ఆరోగ్యం మాట

వయసుతో పాటు చూపు, చురుకు, జ్ఞాపకం తగ్గుతాయన్నది అందరికీ తెలిసిన విషయమే. చిక్కెక్కడంటే, అందరికీ ఒకే వేగంతో తగ్గవు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 40 నుంచి 69 ఏళ్ళ మధ్య ఉన్న 118 మంది పైలట్లను మూడేళ్ళపాటు సిమ్యులేటర్‌లో పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో పెద్దవాళ్ళ స్కోర్లు తక్కువగానే ఉన్నాయి. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ వాళ్ళ తగ్గుదల చిన్నవాళ్ళకన్నా తక్కువగా కనిపించింది, ఎక్కువ నైపుణ్యం, అర్హతలు ఉన్నవాళ్ళలో తగ్గుదల ఇంకా తక్కువ. అయితే వాళ్ళు ఎయిర్‌లైన్ కెప్టెన్లు కారు, సొంతంగా చిన్న విమానాలు నడిపే రకం పైలట్లు. ఇరుపక్షాలూ ఇందులోంచి తమకు కావలసిన వాక్యం తీసుకుంటాయి.

గాల్లో ఉండగా పైలట్ ప్రాణం పోయిన సంఘటనలు కూడా అంతే. 2009లో బ్రసెల్స్ నుంచి న్యూఆర్క్ వెళుతున్న కాంటినెంటల్ విమానంలో చనిపోయిన కెప్టెన్ వయసు 60. 2015లో ఫీనిక్స్ నుంచి బోస్టన్ వెళుతున్న అమెరికన్ విమానంలో 57. 2024లో సియాటిల్ నుంచి ఇస్తాంబుల్ వెళుతున్న టర్కిష్ విమానంలో 59. మన దగ్గర 2023 ఆగస్టులో నాగపూర్ ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కబోతూ బోర్డింగ్ గేటు దగ్గర కుప్పకూలి చనిపోయిన ఇండిగో కెప్టెన్‌కు 40 ఏళ్ళే. గాల్లో జరిగిన ఆ మూడు సందర్భాల్లోనూ పక్కనున్న పైలట్ విమానాన్ని క్షేమంగా దించాడు. ఇద్దరు పైలట్లు ఉండాలన్న నియమం ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. 2006లో ఐకావో ప్రపంచమంతటికీ 65 అన్నప్పుడు ఇద్దరిలో ఒకరు 60 లోపు ఉండాలంది, 2014లో ఆ షరతు తీసేసింది. 2025లో ఐయాటా కూడా ఒకరికి 67, రెండోవారు 65 లోపు అనే అడిగింది.

67 కావాలనేవాళ్ళు సల్లెన్‌బర్గర్ పేరు తరచూ తెస్తారు. 1989లో విమానాన్ని అదుపు చేసే హైడ్రాలిక్స్ అన్నీ పోయిన డీసీ-10 విమానాన్ని సూ సిటీలో నేలకు దించి 296 మందిలో 184 మంది బతకడానికి కారణమైన కెప్టెన్ ఆల్ హేన్స్ పేరు కూడా. అనుభవం విలువ తెలియాలంటే ఆ ఇద్దరు చాలు. కానీ ఇద్దరికీ అప్పుడు 57. 66 గురించి వాళ్ళ కథలు ఏమీ చెప్పవు, ఆ సంగతి ఒప్పుకోవాలి.

వయసు పరిమితి ఒకే ఆకాశంలో అందరికీ ఒకలా లేదన్నదీ నిజమే. ఎయిర్‌లైన్‌లో 65కు దిగిన అమెరికన్ పైలట్ మెడికల్ సరిగా ఉంటే మర్నాడు ప్రైవేట్ జెట్ నడపొచ్చు. అతనికి నేలమీద నుంచి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ మాత్రం 56కే దిగిపోవాలి. జపాన్ 2015 నుంచి 67 దాకా ఒప్పుకుంటోంది. ఐరోపాలో 65. జర్మనీలో లుఫ్తాన్సా యూనియన్ ఒప్పందంలోనే 60 అని ఉంటే అది వయసు వివక్ష అని 2011లో ఐరోపా కోర్టు కొట్టేసింది. అదే కోర్టు 2017లో 65 పరిమితి న్యాయమే అంది.

పారిస్ రూటు చిక్కు

అమెరికా ఒక్కటే 67 అంటే వచ్చే తంటా వేరే. ఐకావో 65 దగ్గరే ఉంది కాబట్టి 66 ఏళ్ళ కెప్టెన్ దేశం దాటి విమానం నడపడం కుదరదు. కానీ ఆ వయసు వాళ్ళు ఎక్కువగా ఉండేది దేశాలు దాటే పెద్ద విమానాల్లోనే. 65 నిండిన రోజు నుంచి వాళ్ళు దేశంలో తిరిగే చిన్న విమానాలకు రావాలి. ఆ విమానం మీద మళ్ళీ వారాల తరబడి ట్రైనింగ్, సిమ్యులేటర్. వాళ్ళ నంబరు లిస్టులో పైన ఉంటుంది కాబట్టి చిన్న విమానాల కెప్టెన్లలోనూ మంచి ట్రిప్పులు వాళ్ళకే. అక్కడున్న నలభై ఏళ్ళ కెప్టెన్ ఒక మెట్టు కిందికి జరుగుతాడు. రెండేళ్ళు నడపబోయే మనిషికి ఇచ్చే ట్రైనింగ్ స్లాటు ముప్ఫై ఏళ్ళు నడపబోయే మనిషికి అందకుండా పోతుంది. కొరత తీర్చడానికి అని మొదలుపెట్టిన పని ట్రైనింగ్ సెంటర్ దగ్గర ఇంకో కొరత తెస్తుందన్న ఆల్పా వాదనలో నాకు బలం కనిపిస్తుంది. పైగా కొరత అన్న మాట కూడా స్థిరంగా నిలబడదు. 2022లో ఎక్కడ చూసినా పైలట్లు దొరకడం లేదన్న వార్తలే. 2024లో స్పిరిట్ అనే అమెరికన్ ఎయిర్‌లైన్ పైలట్లను ఫర్లోకు పంపింది.

మన దేశంలో పరిస్థితి వేరు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన పరిమితి 65. ఎయిరిండియా తన పైలట్ల రిటైర్మెంట్ వయసును 58 నుంచి 65కు 2025లో పెంచింది. ఇండిగో 500, ఎయిరిండియా 470 విమానాలకు 2023లో ఆర్డర్లు పెట్టాయి కాబట్టి కెప్టెన్లు ఎంతమంది ఉన్నా చాలరు. విమానాలు పెరుగుతున్నంత కాలం పైవాడు దిగకపోయినా కిందివాడికి మెట్టు దొరుకుతుంది. ఇక్కడ ఇరుకంతా అడుగున ఉంది. పిల్లవాణ్ణో అమ్మాయినో పైలట్‌ను చెయ్యాలని అరకోటికి పైన ఖర్చు పెట్టి, పొలం అమ్మో బ్యాంకు లోను తెచ్చో, బేగంపేటలోనో అమెరికాలోనో శిక్షణ ఇప్పించిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. 200 గంటల లైసెన్స్ చేతికొచ్చాక మొదటి ఉద్యోగం కోసం ఎదురుచూపులు. వాళ్ళను ఆపేది 64 ఏళ్ళ కెప్టెన్ కాదు. ట్రైనింగ్ ఇచ్చే కెప్టెన్లు, సిమ్యులేటర్లు తక్కువ కావడం. అందుకే అమెరికా గొడవను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి అతికించకూడదు.

నిజానికి వయసు అంకె మార్చితే ఏమవుతుందో తెలుగువాళ్ళు నలభై ఏళ్ళ కిందటే చూశారు. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం నిరుద్యోగులకు ఉద్యోగాలు రావాలని ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. వేలమంది ఒక్కసారిగా ఇంటికి వెళ్ళారు. పిల్ల పెళ్ళి, పిల్లాడి చదువు అన్నీ ఆ మూడేళ్ళ జీతం మీద పెట్టుకున్న ఇళ్ళు అవి. 1984లో మళ్ళీ 58 చేశారు. మరి మధ్యలో పోయినవాళ్ళ సంగతేమిటి? వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. ఇంకా 58 నిండని వాళ్ళను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోమని 1985లో కోర్టు చెప్పింది. 1947 డిసెంబర్ 11న పుట్టిన కెప్టెన్‌కు అలాంటి తీర్పు దొరకలేదు. తర్వాత తెలంగాణ 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 62కు పెంచినప్పుడు కోచింగ్ సెంటర్లలో నోటిఫికేషన్ కోసం కూర్చున్న పిల్లల ముఖాలు గుర్తున్నవాళ్ళకు, ఆ ఫస్ట్ ఆఫీసర్ బాధ వేరే వివరించక్కర్లేదు.

67 ఎప్పటికీ రాకూడదని నేను అనను. అమెరికాలో 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్ళకు పూర్తి సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ పెన్షన్, దొరికేది 67కే. మనుషులు ఎక్కువ కాలం ఆరోగ్యంగా ఉంటున్నారు. కానీ ముందు 65 దాటినవాళ్ళ మీద సరైన పరిశోధన జరగాలి. ఎఫ్‌ఏఏ కూడా కాంగ్రెస్‌ను అడిగింది అదే. ఐకావోతో పాటు కదలాలి, లేకపోతే పారిస్ రూటు చిక్కు తప్పదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క సంతకంతో ఒక్క రోజులో మార్చకూడదు. ఏడాదికి నాలుగు నెలల చొప్పున పెంచుకుంటూ వెళితే 67 చేరడానికి ఆరేళ్ళు పడుతుంది. ఆ ఆరేళ్ళూ ప్రతి ఏడాదీ మామూలుగా దిగాల్సిన వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది దిగుతూనే ఉంటారు, వరస మెల్లగా అయినా కదులుతుంది. 11న పుట్టినాయనకూ 14న పుట్టినాయనకూ మధ్య అయిదేళ్ళ అగాధం ఉండదు, నాలుగు నెలల తేడా ఉంటుంది. 2007 చట్టంలో ఇలాంటి ఏర్పాటు లేదు. 2023 బిల్లులోనూ 67 అన్నారే తప్ప మెట్లు పెట్టలేదు.

పెన్షన్ పోగొట్టుకున్నవాళ్ళకు జరిగిన అన్యాయాన్ని పక్క సీట్లో వాడి జీతంతో పూడ్చడం కూడా నాకు సమ్మతం కాదు. ఆ బాకీ తీర్చాల్సింది దివాలా కోర్టులో పెన్షన్ పథకాలను వదిలించుకుని మళ్ళీ లాభాల్లోకి వచ్చిన కంపెనీలు, 60కే దిగమని చెప్పి కోత వేసిన ప్రభుత్వం.

2007 డిసెంబర్‌లో 42 ఏళ్ళకు కుడివైపు సీట్లో చిక్కుకుపోయిన ఆ ఫస్ట్ ఆఫీసర్ ఇప్పుడు కెప్టెన్. పెద్ద విమానం నడుపుతున్నాడు, లిస్టులో బాగా పైకి వచ్చాడు. అతనికి 2030లో 65 నిండుతాయి. అతని పక్క సీట్లో, ఆ తేదీని లెక్కేసుకుంటూ ముప్ఫై అయిదేళ్ళ మనిషి ఒకరు కూర్చుని ఉంటారు.